పడినను విరుగని విమానము



పిల్లలతో కూడి పెద్దలు చేయదగిన పనులలో, చేతికి నైపుణ్యమును, కంటికి నిశితత్వమును, కాళ్ళకు పరుగును ఒక్కమారే యొసంగునట్టిది, థర్మోకోల్ వంటి తేలికపలకలతో చిన్న గ్లైడరు విమానమును ఇంటనే నిర్మించి మైదానమున ఎగురవేయుట యని నేను దృఢముగా నమ్ముచున్నాను. గ్లైడరనగా ఇంజను లేనిది, దారము లేనిది. విసరిన చేతి యూపును, తన బరువును తప్ప వేరొక ఆధారము నెరుగక, గాలి మీద జారుచు నేలకు దిగివచ్చు విమానము. సంక్రాంతినాడు మన పిల్లలు ఎగురవేయు గాలిపటమునకు దారము కలదు. దారము పట్టినవాడు దాని పోకడలను క్షణక్షణము దిద్దుచుండును. గ్లైడరు చేయి విడిచిన తరువాత దానిని దిద్దువారు లేరు. దాని నడవడి యంతయు ఇంటివద్ద, చాపమీద కూర్చుండి, కొలబద్దతోను కత్తెరతోను పని చేసినప్పుడే నిర్ణయమైపోవుచున్నది.

ఇట్టి విమానమునకు ఉండవలసిన ప్రథమగుణ మేది యని అడిగినచో, ఎక్కువ దూరము పోవుట యని కొందరును, నిజమైన విమానమును పోలియుండుట యని కొందరును చెప్పుదురు. నా యభిప్రాయమున ఆ రెండును తరువాతి మాటలు. పిల్లలు ఎగురవేయు విమానము పడినను విరుగకుండవలెను. ఏలన, తొలిసారి విసరినప్పుడే సరిగా ఎగురు విమానము అరుదు; పడి, దిద్దబడి, మరల పడి, మరల దిద్దబడిన పిమ్మట గాని దానికి నడక యలవడదు; పిల్లలు నేర్చుకొనవలసిన దంతయు ఆ పడుటకును దిద్దుటకును నడుమనే కలదు. రెండవ పాటుననే రెక్క విరిగిన విమానము, తాను నేర్పగలిగిన దానినంతటిని తనతోనే నేలపాలు చేయును. విరిగిన ముక్కలను చేతబట్టుకొని వెక్కివెక్కి ఏడ్చు పసివానికి అప్పుడు గురుత్వాకర్షణను గూర్చి ఎంత చెప్పినను ప్రయోజన మేమి?

విరుగకుండుటకు పెద్దలు సామాన్యముగా అవలంబించు ఉపాయము బలపరచుట. ఇంకొక పుల్ల, ఇంకొక పొర జిగురు, ఇంకొక చుట్టు టేపు. సాయంకాలమగునప్పటికి విమానము గట్టిపడును, దానితోబాటు బరువెక్కును. బరువెక్కిన విమానమునకు గాలిలో నిలుచుటకు ఎక్కువ వేగము కావలెను. ఎక్కువ వేగముతో పోవునది ఎక్కువ వేగముతోనే నేలను గ్రుద్దుకొనును. తాకిడిలోని శక్తి బరువును బట్టి పెరుగును, వేగముయొక్క వర్గమును బట్టియు పెరుగును. కావున అదే రెక్క మీద బరువు రెట్టింపయినచో తాకిడి నాలుగు రెట్లగును. బలపరచుటకై చేర్చిన పుల్లయే విరుచుటకు వలసిన బలమును కూడ తెచ్చిపెట్టు చున్నదన్నమాట. మన్నికకు మూలము తేలికదనము. ఈ యొక్క సంగతిని మనసున పెట్టుకొనక ఎన్ని నమూనాలు గీచినను, ఎంత ఖరీదైన సామాను తెచ్చినను ఫలము శూన్యము.

పరిమాణమును గూర్చియు ఇదే న్యాయము. రెక్క పొడవు, వెడల్పు, మందము, అన్నియు రెట్టింపు చేసి విమానమును పెంచితిమనుకొనుడు. రెక్క వైశాల్యము నాలుగు రెట్లగును, బరువు ఎనిమిది రెట్లగును. అందుచేత ఎగురవలసిన వేగము సుమారు ఒకటిన్నర రెట్లగును. నేలను తాకునప్పటి శక్తి పదునారు రెట్లగును. పెద్ద విమానము చేయవలెనని పిల్లలు పట్టుపట్టుట సహజమే గాని, తొలి విమానము చిన్నదిగా నుండుట క్షేమకరము. రైటు సోదరులకు 1878లో వారి తండ్రి, ఫ్రెంచివాడైన అల్ఫాన్సు పెనో కల్పించిన పద్ధతిలో రబ్బరు మెలికతో పైకెగురు బొమ్మ నొకదానిని తెచ్చియిచ్చెను. ఆ బాలురు దానికి గబ్బిలమని పేరుపెట్టి, దానిని చూచి తామే అట్టివి చేసి, ఒకదానికంటె ఒకటి పెద్దదిగా చేసికొనుచుపోగా, పెద్దవైనకొలది అవి ఎగురుట మానినవి. కొలతలు రెట్టించినచో కావలసిన బలము ఎనిమిది రెట్లగునని తమకు అప్పుడు తెలియదని వారే పిమ్మట వ్రాసికొనిరి. తరువాతి జీవితమున తాము సాధింపవలసిన శాస్త్రమున తొలి ప్రశ్న ఆ బొమ్మయే వారికి వేసినదని నేననుకొందును. జె. బి. ఎస్. హాల్డేన్ అను జీవశాస్త్రజ్ఞుడు, 1957లో మన దేశమునకు వచ్చి స్థిరపడిన మహనీయుడు, 1926లో ప్రాణుల పరిమాణమును గూర్చి వ్రాసిన ప్రసిద్ధవ్యాసమున, లోతైన గని గోతిలో పడిన చిట్టెలుక కొంచెము అదరిపాటు పొంది లేచిపోవుననియు, గుఱ్ఱమున కట్టి భాగ్యము లేదనియు వివరించియున్నాడు. మన విమానము ఆ చిట్టెలుక పక్షమున నుండవలెను.

మహాభారతము శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన నదీసముద్రసంవాద మిక్కడ జ్ఞప్తికి వచ్చుచున్నది. మహావృక్షములను వేళ్ళతో పెకలించి తెచ్చుచున్న మీరు ఒక్క ప్రబ్బలి తీగనైనను ఏల తేరని సముద్రుడు నదుల నడుగగా, చెట్లు ప్రవాహమున కెదురు నిలిచి కూలుననియు, ప్రబ్బలి వరదకు వంగి, వరద తీసిన వెంటనే లేచి నిలుచుననియు గంగ బదులు చెప్పెను. బలవంతుడైన శత్రువుతో దుర్బలుడైన రాజు వర్తింపవలసిన రీతిని తెలుపుటకు చెప్పిన కథ యది. నేలతో చిన్న విమానము వర్తింపవలసిన రీతియు అదియే. ఎదిరింపరాదు, వంగవలెను, జారవలెను, విడిపోవలెను, మరల కూడుకొనవలెను.

ఇక సామగ్రి. టెలివిజను, ఫ్రిజ్జి మొదలగువాని పెట్టెలలో వచ్చునట్టియు, పెండ్లిపందిళ్ళలో పేర్లు చెక్కుటకు వాడుచు వచ్చినట్టియు తెల్లని థర్మోకోలును ఎరుగనివారు లేరు. పాలీస్టైరీన్ అను పదార్థపు చిన్న పూసలను ఆవిరిలో ఉబ్బించి, ఒకదానితో నొకటి అంటుకొనునట్లు అచ్చులో నొత్తగా ఏర్పడునది యిది. దాని పరిమాణమున నూటికి 98 వంతులు గాలియే. ఒక ఘనమీటరు థర్మోకోలు 15 నుండి 30 కిలోల బరువుండగా, విమాననమూనాలు చేయువారు చిరకాలముగా నాశ్రయించిన బాల్సా కలప సగటున 160 కిలోలుండును. బాల్సాకు బిగువెక్కువ, నిజమే. కాని అది దూరదేశమునుండి రావలసినది, మన ఊళ్ళలో దొరకుట కష్టము, విరిగినచో పీచుపీచుగా చీలును. థర్మోకోలు పుటుక్కున విరిగినను అతికిన వెంటనే మరల పనికి వచ్చును. పూసలు లేని, నున్నని, సన్నని పాలీస్టైరీన్ పలకలు కూడ కలవు. అవి మరింత మేలు. మోటారుకార్ల ముందుభాగమున దెబ్బను భరించుటకు లోపల నమర్చు పాలీప్రొపిలీను నురుగు మరియొకటి కలదు. దానిని గుప్పిట నొక్కి విడిచినచో యథారూపము పొందును. ఎగ్జిబిషన్లలోను తీర్థములలోను అమ్ము విసరు విమానములు ఎక్కువగా దానితో చేసినవే. గోడను కొట్టుకొనినను చెక్కుచెదరవు. అట్టిది దొరికినచో అదృష్టమే గాని, కొన్న విమానము పిల్లలకు ఎగురవేయుట నేర్పునంతగా కట్టుట నేర్పదు. వస్తువులను చుట్టిపెట్టు మెత్తని పాలిథీను నురుగు రెక్కలకు పనికిరాదు, వ్రేలాడిపోవును. ముక్కు కప్పుటకు మాత్రము దానిని మించినది లేదు.

క్రొత్త థర్మోకోలు కొనవలసిన పని లేదని నా సలహా. ఈ పదార్థము మట్టిలో కలియదు. అలంకారములకు దీనిని వాడుటను కేంద్రప్రభుత్వము 2022 జూలై 1 నుండి నిషేధించుటయు అందులకే. ఎట్లును పారవేయబోవు పెట్టెల లోపలి పలకలను తెచ్చి విమానముగా మార్చి, కోసినప్పుడు రాలిన తునకలను ఊడ్చి సంచిలో చేర్చి, వానిని కాల్చక, కాలువలో వేయక యుండుట పిల్లలకు మనము ఈ సందర్భముననే అలవరుపదగిన మర్యాద.

జిగురు విషయమున జాగ్రత్త వలయును. పెట్రోలు, నెయిల్ పాలిష్ తుడుచు ద్రవము, క్షణములో అతుకు జిగురులు, రబ్బరు సొల్యూషను, స్ప్రే రంగులు, ఇవి పాలీస్టైరీనును కరగించివేయును. అందముగా నతికితిమనుకొని చూచునప్పటికి అక్కడొక గుంట మిగులును. ఫెవికాల్ వంటి తెల్లని జిగురు దానికి హాని చేయదు. అయితే ఆ పలక నీటిని పీల్చదు గనుక రెండు పలకల నడుమ ఆ జిగురు ఆరుటకు ఒక రాత్రియైనను పట్టును. అంతవరకు టేపు ముక్కలతో పట్టి యుంచవలెను. ఈ నిరీక్షణ పిల్లలకు కష్టముగా నుండును. అందుచేత కట్టు పని శనివారము సాయంకాలమున, ఎగురవేయుట ఆదివారము ఉదయమున పెట్టుకొనుట యుక్తము. రంగులకు స్కెచ్ పెన్నులు చాలును.

ఇప్పుడు ఒక విమానము కట్టుదము. అర సెంటీమీటరు మందముగల పలకనుండి 60 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు గల రెక్కను కోయవలెను. కట్టరు బ్లేడు క్రొత్తదై యుండవలెను. మొండి బ్లేడు పూసలను పెరికివేయును. ఒక్క గాటున కోయక, బద్దనానించి నాలుగైదు తేలిక గాట్లతో కోసినచో అంచు నున్నగా వచ్చును. బ్లేడు పని పెద్దలది; గీత గీయుట పిల్లలది. రెక్కను నడిమికి రెండుగా కోసి, కోసిన అంచులను కొంచెము వాలుగా అరగదీసి, ఒక సగమును బల్లపై పరచి, రెండవ సగముయొక్క కొన బల్లకు 10 సెంటీమీటర్ల యెత్తున నుండునట్లు పుస్తకముల దొంతిపై నానించి, ఆ స్థితిలో అతుకవలెను. ఎదుటనుండి చూచినచో రెండు కొనలును పైకి లేచియుండును. ఈ ఎత్తు అలంకారమునకు గాదు. ఒకవైపున కొరిగి జారబోవు విమానమునకు, క్రిందుగా నున్న రెక్క ఎక్కువ గాలిని ఎదుర్కొని, ఎక్కువగా లేవనెత్తబడి, తనంతట తాను సరిపడుటకు ఈ ఎత్తే కారణము. దారమును త్రిప్పువాడు లేని విమానమునకు ఇది తప్పనిసరి.

రెక్క క్రింద, ముందంచునుండి మూడవవంతు దూరమున, పొడవునకు సన్నని గాడి తీసి అందులో అగరుబత్తి పుల్లలను గాని, చీపురునుండి తీసిన కొబ్బరి యీనెలను గాని పొదిగి టేపు వేసినచో, ఒకటి రెండు గ్రాముల బరువుతోనే రెక్కకు వెన్నెముక యేర్పడును. ముందంచు పొడవునను ఒక్క పొర టేపు వేయుట అవశ్యము. గడ్డిని, గోడను, తలుపును మొదట తాకునది ఆ యంచే. టేపు అంతకు మించి వేయరాదు.

దేహమునకు 50 సెంటీమీటర్ల వెదురుబద్ద చాలును. ముందువైపు చిటికెనవ్రేలి సగము మందమున నుండి, తోకవైపు సన్నగిలునట్లు చెక్కవలెను. తోకపలక 20 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు. దానిపై నిలువుగా 8 సెంటీమీటర్ల చదరపు ముక్క. ఈ రెండును మీకు దొరికినవానిలో నెల్ల పలుచని పలకతో చేయుడు. కారణము చెప్పెదను: తోక విమానపు గరిమనాభికి, అనగా విమానము సమముగా తూగు చోటికి, సుమారు 30 సెంటీమీటర్ల దూరమున నుండును, ముక్కు అందులో సగము దూరముననే యుండును; కావున తోకలో చేరిన ఒక్కొక్క గ్రామును సరితూచుటకు ముక్కులో రెండేసి గ్రాములు చేర్చవలసివచ్చును. తోకను అలంకరింపవలెనని పిల్లలకు మక్కువ కలుగుట సహజము. కుచ్చులును జెండాలును రెక్క నడిమిభాగమున నుంచుమని నచ్చజెప్పుడు; ఎందుకో వారే తూచి చూచి తెలిసికొందురు.

రెక్కను దేహమునకు అతుకరాదు. ఈ మాటను నేను నొక్కి చెప్పుచున్నాను. వెదురుబద్దకు రెక్క ముందును, వెనుకను రెండు అడ్డపుల్లలు కట్టి, వాని మీదుగా రబ్బరు బ్యాండ్లను ఏటవాలుగా సాగదీసి రెక్కను పట్టియుంచవలెను. చెట్టునకు తగిలినప్పుడు రెక్క విరుగుటకు బదులు పక్కకు జరుగును, లేక ఊడిపడును. పిల్లవాడు పరుగెత్తి రెండు భాగములను ఏరుకొని, మరల తొడిగి, మరల విసరును. ఎచ్చట లొంగవలెనో దానిని నిర్మించువాడే ముందుగా నిర్ణయింపనిచో, నేల నిర్ణయించును. ముక్కునకు కూడ ఇదే ఏర్పాటు. బద్ద కొనను గుండ్రముగా అరగదీసి, మెత్తని నురుగు దిమ్మలో రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి దిగవేసి, బరువునకు కావలసిన బంకమట్టినిగాని నాణెములనుగాని ఆ దిమ్మ లోపలనే పొదుగవలెను. ఇది విమానమునకు రక్ష. అంతకు మించి పిల్లల కన్నులకు రక్ష. వెదురు మొన బయటికి కనబడు విమానమును ఏ బిడ్డ చేతికిని ఈయరాదు.

రెక్క ముందంచు ముక్కునకు 12 సెంటీమీటర్ల వెనుక నుండునట్లు పెట్టి, ఆ ముందంచు క్రింద మూడు నాలుగు మిల్లీమీటర్ల అట్టముక్క నొకదానిని దోపవలెను. రెక్క తోకకంటె కొంచెము ముఖమెత్తి యుండవలెనన్నమాట. ఈ చిన్న అట్టముక్కలో ఒక మహావిషయము దాగియున్నది. ఇంగ్లండులో యార్క్‌షైరు వాసియైన సర్ జార్జి కేలీ 1804లో ఒక పొడవాటి కర్రకు కాగితపు గాలిపటమును రెక్కగా కట్టి, వెనుక కదలించుటకు వీలైన తోకను, ముందు జరుపుటకు వీలైన బరువును అమర్చి, కొండవాలున విడిచి చూచెను. మనమెరిగిన విమానాకారమునకు అదియే ఆది. మన చేతిలో నున్నది, పదార్థము మారినను, ఆయన కట్టినదే. ఆ పిమ్మట, పైని చెప్పిన పెనో 1871 ఆగస్టు 18న పారిసునందలి ట్విలరీ ఉద్యానమున, రబ్బరు మెలికతో నడుచు చిన్న విమానమును విద్వాంసుల యెదుట 11 సెకనులపాటు సుమారు 40 మీటర్ల దూరము ఎగురవేసెను. దానికి తోకను రెక్కకంటె తక్కువ వాలున అమర్చుటచేత, మనిషి చేయి లేకయే అది నిలకడగా పోయెను. ముక్కు వంగి వేగము హెచ్చినప్పుడు గాలి తోకను క్రిందికి ఎక్కువగా నొక్కి ముక్కును లేపును. వేగము తగ్గినప్పుడు ఆ నొక్కుడు తగ్గి ముక్కు మరల దిగును. ఈ విధముగా తనను తాను సరిదిద్దుకొను గుణము మూడు మిల్లీమీటర్ల అట్టముక్కతో మన పిల్లల విమానమునకు సంక్రమించుచున్నది.

ఎగురవేయుటకు ముందు తూచవలెను. దేహమునకు రెండు ప్రక్కల, రెక్క ముందంచునుండి 4 సెంటీమీటర్ల వెనుక, క్రింద రెండు చూపుడువ్రేళ్ళ నానించి ఎత్తినప్పుడు విమానము సమముగా నిలువవలెను, లేదా ముక్కు ఇసుమంత దిగవలెను. తోక దిగినచో ముక్కులో మట్టి చేర్చవలెను. ముక్కులో ఇంచుమించు 12 గ్రాములు చేరినప్పుడు సాధారణముగా తూకము కుదురును. మొత్తము విమానము 40 గ్రాముల చుట్టు తూగును. నిమిషమునకు 240 మీటర్లు, అనగా సెకనుకు నాలుగు మీటర్ల నెమ్మదియైన వేగముతో పోవును. పిల్లలు దాని వెంట పరుగెత్తగలరు. ఈ వెంట పరుగెత్తగలుగుట చిన్న సంగతి గాదు: తప్పు ఎక్కడ పుట్టినదో కన్నులతో చూచుటకు వీలు కలుగునది అందువలననే.

సూర్యోదయమైన పిమ్మట ఒక గంటలోపల గాలి సద్దుమణిగియుండును. గడ్డిగల మైదానము శ్రేష్ఠము. గాలి వచ్చు దిక్కునకు అభిముఖముగా నిలిచి, రెక్క క్రింద బద్దను పట్టుకొని, భుజము ఎత్తున, పది పదునైదు అడుగుల దూరమున నేలపై ఒక చోటును గురిగా పెట్టుకొని, దాని వైపు మెల్లగా నెట్టి విడువవలెను. పైకి విసరరాదు. సరిగా కుదిరిన విమానము విడిచిన యెత్తునకు ఐదారు రెట్లు దూరము జారి, పొట్టమీద దిగును.

కుదరనప్పుడు ఏమి జరుగును? ముక్కు ఎత్తి, ఒక్క క్షణము ఆగి, చప్పున క్రిందికి వ్రాలి, మరల లేచి, మరల ఆగినచో, దానిని స్టాల్ అందురు. రెక్క ముఖము మితిమీరి ఎత్తినప్పుడు పైతలమున గాలి దానిని అంటి ప్రవహింపలేక విడిపోవును. ఎత్తు బలము ఉన్నపాటున తగ్గును. జర్మనీ దేశపు ఆటో లిలియంతాలు, కొంగల రెక్కలను పరిశీలించి, తాను కట్టిన గ్లైడర్లతో కొండలమీదినుండి సుమారు రెండువేల పర్యాయములు ఎగిరిన ధీరుడు, 1896 ఆగస్టు 9న గాలితెర యొకటి తాకి ఆయన గ్లైడరు ముక్కు ఎత్తి నిలిచిపోగా, సుమారు 15 మీటర్ల యెత్తునుండి పడి, మరునాడు మరణించెను. ఆయన ప్రాణము తీసిన ఆ దోషమునే మన పిల్లలు గడ్డిమీద, నిరపాయముగా, ఎన్నిమార్లైనను చూచి అర్థము చేసికొనవచ్చును. ఈ అవకాశమును మనము తక్కువగా నెంచరాదు. దానికి మందు ముక్కులో కొంచెము మట్టి. విమానము తిన్నగా నేలకు దూకుచున్నచో మట్టి తీయవలెను, లేదా తోక వెనుకంచును రెండు మిల్లీమీటర్లు పైకి వంచవలెను. ఒకే ప్రక్కకు గిఱ్ఱున తిరుగుచున్నచో వెనుకనుండి చూచి, రెక్క మెలితిరిగినదేమో పరీక్షించి, చేతులతో మెల్లగా సరిచేయవలెను.

ఒక్కమారు ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. మట్టి చేర్చి, తోక వంచి, రెక్క జరిపి, మూడును ఒక్కసారే చేసినవానికి విమానము బాగుపడినను ఎందుచేత బాగుపడినదో తెలియదు. చేసిన మార్పును, దాని ఫలితమును బిడ్డ తన పుస్తకమున ఒక్క పంక్తి వ్రాసికొనునట్లు అలవాటు చేయుడు. ఎన్.సి.సి. వైమానికవిభాగమున విమాననమూనాల నిర్మాణము శిక్షణలో ఒక భాగము. ఆ విభాగమున చేరబోవు బాలబాలికలకు ఈ పుస్తకము మంచి పునాది యగును.

పిల్లలు మనము చెప్పినంత మెల్లగా ఎంతసేపు విసరుదురు? కొంతసేపటికి బలమంతయు పెట్టి విసరుదురు. అప్పుడు విమానము తిన్నగా పోక, ఆకాశమున చక్రము కొట్టి వారి నెత్తిమీదికే వచ్చును. పెద్దలు దీనిని చెడ్డ విసరుగా నెంచి మందలింతురు. అది చెడ్డ విసరు కాదు. రెట్టింపు వేగమున రెక్క ఎత్తు బలము నాలుగు రెట్లగుటచేత జరిగిన న్యాయమైన ఫలము. ఆ చక్రమును చూచి బిడ్డ కేరింతలు కొట్టుచుండగా, ఎందుకు తిరిగినదో అడుగుటకు అంతకంటె మంచి సమయము దొరకదు. బలముగా విసరుటకే ఇష్టపడువారికి తోక వెనుకంచును కొంచెము క్రిందికి దింపి, రెండవ విమానము నొకదానిని ప్రత్యేకముగా కుదిర్చి యిచ్చుట మేలు.

ఏ వయస్సునకు ఏ పని యను ప్రశ్న తల్లిదండ్రులు తరచుగా అడుగుదురు. ఐదారేండ్లవారు రంగులు వేసి, తూచి, విసరగలరు. ఎనిమిది తొమ్మిదేండ్లవారు కొలిచి గీచి, పెద్దల పర్యవేక్షణలో అతుకగలరు. పదునొకండు పండ్రెండేండ్లవారికి రెక్క ఆకారమును వారి ఊహకే విడిచిపెట్టవలెను. వారు గీచిన రెక్క ఎగురదని మీకు తెలిసినను కోయనిండు, కట్టనిండు. వారిచేతి విమానమును లాగికొని ఇటు తెమ్ము నేను చూపెద నను తొందర పెద్దల కందరికిని కలుగును. దానిని అణచుకొనుట ఈ పని యంతటిలోను పెద్దలకు కష్టమైన భాగము. పనికిరాని వస్తువులతోనే బొమ్మలు చేయించి పిల్లలకు శాస్త్రము నేర్పవచ్చునని అరవింద్ గుప్తా గారు తమ జీవితమంతయు చూపుచు వచ్చిరి. వారి బొమ్మలన్నింటను చేయి పిల్లవానిదే.

మరమ్మతు సంచి నొకదానిని మైదానమునకు వెంట తీసికొనిపోవుడు: టేపు, రబ్బరు బ్యాండ్లు, మట్టి, రెండు అగరుబత్తి పుల్లలు, పలక తునకలు, చిన్న కత్తెర. రెక్క చిట్లినచో అక్కడనే రెండు వైపుల టేపు వేసి, తూకము మరల చూచి, ఎగురవేయవచ్చును. తూకము మరల చూచుట మరువకుడు. మరమ్మతు టేపు బరువు ఎంత తక్కువైనను తోక దగ్గర నైనచో లెక్కకు వచ్చును.

తగని చోట్లు కూడ చెప్పవలెను. విద్యుత్తీగలు దగ్గరనున్న చోట, రోడ్డు ప్రక్కన, మేడమీద పిట్టగోడ చెంత ఈ విమానములను ఎగురవేయరాదు. తీగలపై చిక్కిన విమానమును కర్రతో గాని, ఇనుపకడ్డీతో గాని తీయ ప్రయత్నింపక విడిచిపెట్టవలెనని, ఇంటివద్ద సామానున్నదిగాన ఆ సాయంకాలమే మరియొకటి కట్టుకొందమని, బయలుదేరుటకు ముందే పిల్లలతో ఒప్పందము చేసికొనుడు. ఒకరికంటె ఎక్కువమంది పిల్లలున్నప్పుడు అందరును ఒక ప్రక్కనే నిలిచి, ఒకే దిక్కునకు విసరి, అందరివియు దిగిన పిమ్మటనే ఏరుకొనుటకు పోవలెను.

ఒక వారము ఇట్లు ఉదయము ఎగురవేసి చేయి తిరిగిన పిమ్మట, ఒక్కమారు పొద్దెక్కి పది గంటలైన తరువాత, నేల వేడెక్కినప్పుడు వచ్చి చూడుడు. వెచ్చని గాలి నేలనుండి స్తంభములుగా పైకి లేచుచుండును. ఊరిపైన గద్దలు రెక్క కదల్పక గిరికీలు కొట్టుచు పైపైకి పోవుట దాని యాధారముననే. నిలువుతోక వెనుకంచును ఎడమకో కుడికో రెండు మిల్లీమీటర్లు వంచి, పెద్ద వలయముగా తిరుగునట్లు దిద్దిన తేలిక విమానము, అట్టి స్తంభమున పడినచో, దిగుటకు బదులు లేచును. దాని వెంట పోవలసినవారు చెప్పులు వేసికొని, తోడుగా ఒక పెద్దవారిని పెట్టుకొని పోవలెను. విమానము మీద పేరును, ఇంటి వీధియు ముందే వ్రాసియుంచుడు.